అమ్మమ్మ చేత ‘ఆయ్’ అనిపించావుట!

కైకలూరు,
మాఘ బహుళ పంచమి.

చిరంజీవి అమ్మలుని మావయ్య ఆశీర్వదించి రాయునది. మీ అత్తయ్యకి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గింది.

నీ మెసేజు చూశాను. ‘మావయ్యా, రెండు లక్షలు దాటింది!’ అని పెట్టావు. ముందు డబ్బనుకున్నాను. తర్వాత ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఒక కుర్రాడు ఫోను తెచ్చి నా ముక్కు మీద పెట్టి ‘మీ మేనకోడలే కదండీ’ అని వీడియో చూపించాడు. అప్పుడు తెలిసింది, అవి చూపులని. నువ్వు మూడో ఏడు చదువు వదిలేసి హైదరాబాదులో ఏదో వీడియోల కంపెనీలో చేరబోతున్నావని కూడా వాడే చెప్పాడు. ఆ రాత్రే మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఆ సంగతి మీ నాన్న చూసుకుంటాడు. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సీటు ఎంత కష్టపడి తెచ్చుకున్నావో నీకే తెలుసు, నేను చెప్పక్కర్లేదు. నా గొడవ వేరు.

అమ్మమ్మ చేత ‘ఆయ్’ అనిపించావు.

ఒకసారి కాదు. నిమిషన్నర వీడియోలో తొమ్మిదిసార్లు. నేను లెక్కపెట్టాను. చేపల పులుసులో చింతపండు పిసుకుతూ ‘ఆయ్’, ఉప్పు వేస్తూ ‘ఆయ్’, ఆఖరికి పొయ్యి ఊదుతూ కూడా. ఎనభై ఎనిమిదేళ్లలో అమ్మమ్మ ఏనాడైనా ఆ మాట అనగా విన్నావా? ‘ఏమ్మా’ అంటుంది, ‘ఓసి నీ ఇల్లు బంగారం గానూ’ అంటుంది. కోపమొస్తే ఇక్కడ రాయలేని మాటలూ అంటుంది. ‘ఆయ్’ మన ఇంటి మాట కాదే తల్లీ. అది కోనసీమ సొత్తు. అక్కడ పెద్దమనిషి ఎదురుపడితే కండువా సవరించుకుని, కాస్త వంగి, ‘ఆయ్, ఔనండి’ అంటారు. అది మర్యాద, జవాబుగా వచ్చే మాట. ఎంత ముద్దుగా ఉంటుందో! దాన్ని తెచ్చి తాలింపులో ఆవాల్లా చల్లుతారా ఎవరైనా?

మనం నిన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా వాళ్లం. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో కలిపారు సరే, కాగితం మీద గీత జరిగితే నాలిక కూడా జరుగుతుందా? అయినా నీ ఒక్కదానిదే తప్పంటే ఒప్పుకోను. సినిమాల వాళ్లు ‘గోదారి’ అంటే కొబ్బరి తోట, లాంచి, ఎటకారం, ‘ఆయ్’ అని ఖాయం చేసి పెట్టారు. టీవీ హాస్యాల వాళ్లు దాన్ని ఇంకా సాగదీశారు. నువ్వు దాన్నే తీసుకొచ్చి కొల్లేటి గట్టున కూచోబెట్టావు.

ఇంకో సంగతి విను. నిన్న పొద్దున్న పాలవాడొస్తే అమ్మమ్మ గుమ్మంలోంచి ‘ఆయ్, రెండు లీటర్లు పొయ్యి’ అంది. వాడు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అదేంటమ్మా అని నేనంటే, ‘అలా అంటే అందరికీ నచ్చిందటరా, పిల్ల చెప్పింది’ అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేనేమీ అనలేకపోయాను. రోజుకి నాలుగుసార్లు ఆ వీడియో పెట్టమంటుంది. కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసుకుంటుంది. నా మీద ఒట్టు, నువ్వు ఆవిడకిచ్చిన సంతోషం నేను అరవై ఎనిమిదేళ్లలో ఇవ్వలేదు. ఆ మాటా రాయకపోతే నాది చాడీ అవుతుంది.

రేడియో వచ్చిన కొత్తల్లోనూ ఇలాగే ఉండేదిట. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. మా చిన్నప్పుడు పంచాయతీ ఆఫీసు రేడియోలో వార్తలు విని మా మేష్టారొకాయన ఇంట్లో కూడా వార్తలు చదివినట్టే మాట్లాడేవాడు. కాఫీ అడిగినా అదే గొంతు. కాకపోతే ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి రామాయణం, భారతం వచ్చేటప్పుడు మాత్రం వీధిలో పిట్ట కూడా మెసిలేది కాదు. ఆయనది అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రు. అసలు సిసలు గోదావరి మనిషి. ఆ గొంతు, ఆ విరుపు, ఆ గద్దింపు! ఒక్కనాడైనా ‘ఆయ్’ అన్నాడా? ఊరిపేరు చెప్పుకోవడానికి ఆయనకి ఆ మాట అవసరం పడలేదు.

1976లో ‘కొల్లేటి కాపురం’ సినిమా వచ్చింది. పేరులో కొల్లేరుందని బళ్లు కట్టుకుని వెళ్లాం. తిరిగొస్తూ దారి పొడుగునా మా పెదనాన్న ఒకటే ప్రశ్న: ‘అందులో మన లంకలోళ్లెవరైనా ఉన్నారంట్రా?’ ఎవరికీ తెలియదు. బండి తోలేవాడు మాత్రం పాటలు బావున్నాయన్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాకొక పాత బాకీ ఉంది. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఎనభైల్లో నేను ఒక పత్రికకి ఇక్కణ్ణుంచి వార్తలు రాసేవాణ్ణి కదా. జీతం లేదు, అచ్చయిన వార్తని స్కేలు పెట్టి కొలిచి అంగుళాల లెక్కన డబ్బులు. సాయంత్రం కవరు తీసుకెళ్లి విజయవాడ బస్సు కండక్టరు చేతిలో పెట్టాలి. బస్సు తప్పితే మన ఊళ్లో ఆ రోజు ఏమీ జరగనట్టే. ఒక ఏడు బుడమేరు వాగు పొంగి కొల్లేటి లంకలు మునిగాయి. ఫొటో కావాలన్నారు. అరువు కెమెరా పట్టుకుని తాటిదోనె మీద వెళ్లాను. ఒక లంకలో ఇల్లు కూలిపోయిన మనిషి దొరికాడు. పేపరాయన వచ్చాడని తెలిసి, ఎక్కడ దాచుకున్నాడో, మడత చొక్కా ఒకటి తొడుక్కుని తల దువ్వుకుని వచ్చి నిలబడ్డాడు. నేను చూసి, ‘ఇదేంటి, పెళ్లికొచ్చినట్టున్నావు. ఆ చొక్కా విప్పెయ్, అప్పుడే జనానికి మీ కష్టం తెలుస్తుంది’ అన్నాను. విప్పాడు. ఎముకలు కనపడేలా నిలబెట్టి తీశాను. ఫొటో మొదటి పేజీలో పడింది. నా పేరు మండలమంతా మోగింది. లంకకి బియ్యం, బట్టలు కూడా వచ్చాయి, అబద్ధమెందుకు.

ఏడాది తిరిగాక కొల్లేటికోట జాతరలో కనిపించాడు. గొడవేమీ పడలేదు. ‘చొక్కా వేసుకునే వచ్చాను కదా బాబూ, మా పిల్లకి సంబంధం చూడ్డానికొచ్చినోళ్లు ఆ పేపరు పట్టుకొచ్చారు’ అన్నాడు. అంతే, జనంలోకి వెళ్లిపోయాడు. సంబంధం కుదిరిందో లేదో నేనడగలేదు. అడగడానికి నోరు రాలేదు.

మీ కాలంలో ఒక మేలుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడని ముంచి, ఆ నీళ్లన్నీ కొల్లేట్లోకి దిగి, ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదుగా పారితే ఏలూరు బస్సులు ఆగిపోయాయి. అప్పుడు లంకల పిల్లలే ఫోన్లలో తీసి పెట్టారు. మా ఇల్లిది, మా గొడ్లివి, మాకు మంచినీళ్లు కావాలి అని వాళ్ల గొంతుతోనే చెప్పారు. నాలాంటివాడు దోనె దిగి ఎవరి చొక్కా విప్పించనక్కర్లేకపోయింది. 2006లో కొల్లేట్లో సర్కారువాళ్లు చేపల చెరువుల గట్లు పేల్చిన రోజుల్లో ఈ ఫోన్లుంటే ఎంత బావుండేది! అప్పుడొచ్చిన టీవీ వ్యాన్లకి ఏడ్చేవాళ్లే కావాలి, లేదంటే కొంగలు కావాలి. 1970ల్లో సర్కారే సొసైటీలు పెట్టించి చెరువులు తవ్వించిన కథ చెప్పబోతే మైకు పక్కకి తిప్పేసేవారు.

గంగవ్వ సంగతి నీకు నేను చెప్పాలా? జగిత్యాల జిల్లా లంబాడిపల్లి. ‘మై విలేజ్ షో’ వీడియోల్లో ఆవిడ మాట్లాడింది ఆవిడ మాటే. ఏళ్ల తరబడి సినిమాల్లో రౌడీకీ, నౌకరుకీ అంటగట్టిన తెలంగాణ యాసని ఆవిడ తన వాకిట్లో కూచుని మాట్లాడితే లోకమే అక్కడికి నడిచొచ్చింది. గుంటూరు జిల్లా గుడివాడ మస్తానమ్మ కూడా అంతే (మన గుడివాడ కాదు, తెనాలి వైపుది). మునిమనవడు 2016లో ‘కంట్రీ ఫుడ్స్’ అని చానలు పెట్టాడు. 2018 డిసెంబరులో ఆవిడ పోయేనాటికి నూరేళ్లు దాటాయన్నారు, చూసేవాళ్లు పది లక్షలు దాటారు. పుచ్చకాయలో కోడి వండించారు ఆవిడ చేత. ఏ తెనాలి ఇంట్లో వండుతారమ్మా పుచ్చకాయలో కోడిని? ఇప్పుడు రోడ్డు పక్క హోటలువాడు అదే ‘పల్లెటూరి వంట’ అని బోర్డు కట్టినా నేను ఆశ్చర్యపోను. కానీ ఆవిడ గోళ్లతో తొక్క తీసే తీరుందే, అది ఎవరూ నేర్పింది కాదు. నాకు గుర్తున్నది కోడి కాదు, ఆ వేళ్లు.

నీ వీడియోలో ‘కొల్లేటి కొర్రమీను’ అని రాశావు. అమ్మమ్మ చేతిలో ఉన్నది చెరువులో మేత వేసి పెంచిన బొచ్చె. ఆవిడ మొహమాటానికి ఊరుకుంది. ఐసు ఫ్యాక్టరీలో అందరూ నవ్వారు. ఇక్కణ్ణుంచి కలకత్తాకి లారీలెక్కేవి బొచ్చె, శీలావతే. అసలు కొల్లేటి చేపల పేర్లు ఆవిణ్ణి అడిగి చూడు. వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, ఇంగిలాయి, గురక అని వేళ్లు మడుస్తూ చెబుతుంది. ఏది ఏ కార్తెలో పడేదో, కిక్కిస గడ్డి ఎక్కడ కోసేవాళ్లో, చేపలు పట్టే మావులు ఎలా అల్లేవాళ్లో చెబుతుంది. ఆ పేర్లలో సగం మీ బావకే తెలియదు, చెరువు ఉన్నవాడై ఉండీ. రెండు లక్షల మంది చూడకపోవచ్చు. రెండు వేల మంది చూస్తారేమో. నాకు వచ్చిన అంగుళాల డబ్బుల కంటే ఎక్కువే వస్తాయిలే.

తిట్టాననుకోకు. రాత్రి కూచుని నీ వీడియోలన్నీ చూశాను. ఆటపాకలో గూడబాతులు పొద్దుటెండలో రెక్కలారబెట్టుకుంటున్నది నాలుగుసార్లు చూశాను. మాటొక్కటీ లేకుండా వదిలేశావు చూడు, అక్కడ నువ్వు మా అందరి కంటే పెద్దదానివైపోయావు.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి రా. పరీక్షలుంటే ఆదివారం వచ్చి మర్నాడు పొద్దున్నే వెళ్లిపో, గూడెం నుంచి ఎంత దూరమని. కెమెరా కూడా తెచ్చుకో. మొన్న ‘పల్లెటూరి అవ్వలా కనపడాలి’ అని అమ్మమ్మ చేత వెలిసిపోయిన నేత చీర కట్టించావుట. ఆవిడే చెప్పింది, కోపంగా కాదులే. ఈసారి నిన్ను అడగకుండానే బీరువాలోంచి ఉప్పాడ జరీ చీర తీసింది. నిన్న ఇస్త్రీకి ఇచ్చొచ్చాను.

ఆశీస్సులతో,
మావయ్య