కెమెరా ధర వేరు, ఫోటో ఖర్చు వేరు

ఒక పల్లెలో పదిమంది ఆడవాళ్లు పొదుపు సంఘం పెట్టుకున్నారు. పెళ్లిళ్లకు, సీమంతాలకు ఫోటోలు తీసి నాలుగు డబ్బులు సంపాదించాలనుకున్నారు. వాళ్ల సెల్లులు పాతవి. రాత్రిపూట తీస్తే ఫోటోలు మసకగా వస్తున్నాయి. అందుకని ఒక కెమెరా కొనాలనుకున్నారు.

టౌనులో రెండు పాత కెమెరాలు చూశారు. ఒకటి రీలు కెమెరా. దాని ధర 800 రూపాయలు. రెండోది డిజిటల్ కెమెరా. దాని ధర 4,000 రూపాయలు.

"800 రూపాయలదే కొందాం. 3,200 మిగులుతాయి" అంది అత్త.

"ఆగండి అత్తయ్యా. ఒక్కో ఫోటోకు ఎంత పడుతుందో చూద్దాం" అంది సంఘం లెక్కలు రాసే కోడలు. దుకాణంలో ధరలు అడిగి, కాగితం మీద రాసింది.

రీలు: 800 రూపాయలు
కడిగే ఖర్చు: 280 రూపాయలు
మొత్తం: 1,080 రూపాయలు

ఒక రీలుకు 36 ఫోటోలు వస్తాయి. 1,080ని 36తో భాగిస్తే 30. అంటే ఒక్కో ఫోటోకు 30 రూపాయలు. మూడు రీళ్లకు 3,240 రూపాయలు. మిగిలిందనుకున్న 3,200 మూడు రీళ్లతోనే సరి! ఒక్క పెళ్లికే మూడు రీళ్లు పడతాయి.

డిజిటల్ కెమెరాకు రీలు అక్కర్లేదు. ఫోటోలు చిన్న కార్డులో చేరతాయి. తీసిన వెంటనే చూడవచ్చు. బాగా రాకపోతే చెరిపేసి మళ్లీ తీయవచ్చు. కాగితం మీద వేయించే ఖర్చు రెండింటికీ ఉంటుంది.

రీలు కడిగేదాకా ఫోటో ఎలా వచ్చిందో తెలియదు. మధ్యలో కెమెరా వెనక మూత తెరిస్తే వెలుతురు తగిలి ఫోటోలు పాడవుతాయి. తాళి కట్టే ఘడియ మళ్లీ రాదు కదా!

రీలుకూ ఒక మంచి గుణం ఉంది. నెగటివ్‌ను తేమ తగలకుండా దాచితే, ఏళ్ల తరువాత కూడా ఫోటో వేయించుకోవచ్చు. డిజిటల్ కార్డు పోతే అందులోని ఫోటోలన్నీ పోతాయి. అందుకే వాటిని రెండు చోట్ల దాచాలి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోటోలు కాగితం మీద కూడా వేయించి ఉంచుకోవాలి.

చుక్కల లెక్క

చుక్కలు పెట్టి ముగ్గు వేసినట్టే, డిజిటల్ ఫోటో కూడా చుక్కలతోనే తయారవుతుంది. 10 లక్షల చుక్కలను ఒక మెగాపిక్సెల్ అంటారు. 1975లో అమెరికాలో కోడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ మొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దాని ఫోటోలో 10,000 చుక్కలే ఉండేవి. పోస్టుకార్డు సైజు ఫోటోకు 2 మెగాపిక్సెల్ చాలు. గోడకు తగిలించే పెద్ద ఫోటోకు ఇంకా ఎక్కువ కావాలి. పెద్ద అంకె చూసి మోసపోవద్దు. ఏ పనికి కావాలో ముందు చూసుకోవాలి.

పాత కెమెరా కొనేముందు

1. బ్యాటరీ, చార్జరు, కార్డు ఇస్తున్నారా?
2. ఆ బ్యాటరీ ఇంకా బజారులో దొరుకుతుందా?
3. ఫ్లాష్ వెలుగుతుందా?
4. ఒక ఫోటో తీసి, కాగితం మీద వేయించి చూశారా?
5. బిల్లు ఇస్తారా?

చేతిలో మంచి సెల్లు ఉంటే ముందు దానితోనే తీసి చూడండి. కొత్త ఖర్చు తప్పవచ్చు.

ఆలోచించండి, రాయండి

1. ఏడాదికి ఒక్క రీలు మాత్రమే తీసేవాళ్లకు ఏ కెమెరా లాభం? ఎన్నేళ్ల వరకు?
2. కొన్నప్పుడు చవక, వాడేటప్పుడు ఖర్చు. ఇలాంటి వస్తువులు మీ ఇంట్లో ఏమున్నాయి?