అక్షరం దాచుకున్నారా, ఆకారం దాచుకున్నారా?

2019 అక్టోబరు 1న మయన్మార్ దేశం తన ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ అక్షరాలు దాచే పద్ధతిని అధికారికంగా మార్చుకుంది. ఆ రోజుకి అక్కడ 'యూ-డే' అని పేరు పెట్టారు. యూ అంటే యూనికోడ్. ఒక కంపెనీ తన డేటాబేసు ఎన్‌కోడింగు మార్చుకోవాలంటేనే మనం మూడు శనివారాలు ఆఫీసులో గడుపుతాం. అలాంటిది ఒక దేశమే మార్చుకోవడం! ఆ రోజుల్లో నేను ఉద్యోగరీత్యా యాంగోన్‌లో ఉన్నాను. ఆ మార్పు చూస్తూ నేర్చుకున్న పాఠం నా తీరిక వేళల పనికి ఎలా అక్కరకొచ్చిందో ఈసారి చెబుతాను. మీ ఇంట్లోనూ పాత తెలుగు ఫైళ్ళు మూలుగుతుంటే మీకూ పనికొస్తుంది.

జోజీ కథ

బర్మీస్ లిపికి యూనికోడ్‌లో చోటు 1999లోనే దొరికింది. కానీ పూర్తిగా సరైన రూపం 2008లో వచ్చిన 5.1 వెర్షనుతో గాని కుదరలేదు. ఈలోపు జోజీ అనే ఫాంటు జనంలోకి వెళ్ళిపోయింది. జోజీ అంటే వాళ్ళ కథల్లో మంత్రశక్తులున్న యోగి. 2014లో ప్రైవేటు టెలిఫోను కంపెనీలు వచ్చి సిమ్ కార్డులు చవకయ్యాక, చేతికొచ్చిన ఫోన్లలో ఎక్కువ భాగం జోజీతోనే వచ్చాయి.

చిక్కేమిటంటే, జోజీ చూడటానికి యూనికోడ్‌లాగే ఉంటుంది, అవే స్థానాలు వాడుకుంటుంది, కానీ వాటిని తన ఇష్టం వచ్చినట్టు వాడుకుంటుంది. షాన్, మోన్, కరెన్ భాషల అక్షరాలకి కేటాయించిన స్థానాల్లో బర్మీస్ అక్షరాల రకరకాల ఆకారాలు పెట్టింది. ఒకే మాటని రెండు మూడు రకాలుగా టైపు చెయ్యొచ్చు, తెర మీద మాత్రం ఒకేలా కనిపిస్తాయి. అంటే కంటికి బాగానే ఉంటుంది గాని వెతికితే దొరకదు. క్లుప్తంగా చెప్పాలంటే యూనికోడ్ అక్షరాన్ని దాస్తుంది, జోజీ ఆకారాన్ని దాస్తుంది.

ఇది మనకి కొత్త కథ కాదు. ఒకప్పుడు ఒక్కో తెలుగు పత్రికకి ఒక్కో ఫాంటు ఉండేది, ఆ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చిగీతలు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు, ఆ తరవాత లేఖిని, పద్మ లాంటి పరికరాలు వచ్చాక వెబ్బులో ఆ బాధ తగ్గింది. కానీ ఇళ్ళలో ఉన్న ఫైళ్ళ సంగతి?

నాన్నగారి ఫైలు

మా తాతగారు రంగం వెళ్ళినవారు. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో రంగూనుని రంగం అనేవాళ్ళు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఎంతమంది వెళ్ళారంటే, అక్కడ తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనే పిలిచేవారు. తాతగారు రేవులో సరుకుల లెక్కలు రాసేవారు. 1930 మేలో తెలుగు రేవు కూలీల సమ్మె తరవాత చెలరేగిన అల్లర్లు ఆయన కళ్ళారా చూశారు. 1942లో జపాన్ సైన్యం వచ్చిపడే వేళకి మా నాన్నగారికి ఆరేళ్ళు. ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి నడిచొచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి.

నాన్నగారు ఇదంతా 2001లో రాసి, కాకినాడలో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించారు. 46 పేజీలు. రాతప్రతికి చెదలు పట్టాయి. తీసిన ఒక్క ప్రింటూ చేతులు మారి ఎటో పోయింది. నాన్నగారు 2009లో పోయారు. మిగిలింది ఒక సీడీ, అందులో ఒక వర్డ్ ఫైలు. ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఫ్రెంచి టోపీలు కలగలిసిన పచ్చడి. ఆయన నడిచిన ఊళ్ళోనే కూర్చుని ఆయన మాట ఒక్కటీ చదవలేని పరిస్థితి. ఆఫీసులో పొద్దంతా జోజీని యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము చూస్తున్నవాణ్ణి, సాయంత్రాలు ఈ పని పెట్టుకున్నాను.

మార్చే పద్ధతి

1. మొదట అసలు ఫైలుకి నకలు తీసి, నకలు మీదే పని చెయ్యండి.

2. ఏ ఫాంటో కనుక్కోండి. మీ కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా, ఆ పిచ్చిగీతల మీద కర్సరు పెడితే వర్డ్ దాని పేరు చూపిస్తుంది. పేరు తెలిస్తే దానికి తయారుగా ఉన్న మార్పిడి పరికరం దొరుకుతుందేమో ముందు వెతకండి.

3. నోట్‌ప్యాడులోకి కాపీ చెయ్యకండి. అలా చేస్తే ఏ ముక్క ఏ ఫాంటులో ఉందో ఆ సమాచారం పోతుంది. మధ్యలో నిజంగానే ఇంగ్లీషులో ఉన్న పేర్లు కూడా తెలుగనుకుని మార్చేస్తారు. ఫైలుని డాక్స్‌గా సేవ్ చేసి జిప్ ఫైలులా విప్పితే లోపల ఎక్స్ఎంఎల్ ఉంటుంది. అందులో ప్రతి ముక్కకీ ఫాంటు పేరు కనిపిస్తుంది. తెలుగు ఫాంటు ఉన్న ముక్కలనే మార్చండి.

4. సొంతంగా పట్టిక రాసుకోవలసి వస్తే, పొడుగు గుర్తుల్ని ముందు, పొట్టివాటిని తరవాత మార్చండి. ఆ పైన వరస సరిచెయ్యాలి. 'స్త్రీ' చూడండి. పాత ఫాంటులో ముందు 'సీ' బొమ్మ, తరవాత తవత్తు, రవత్తు ఉంటాయి. యూనికోడ్‌లో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, అన్నిటికన్నా చివర గుడిదీర్ఘం. అంటే గుణింతపు గుర్తుని వత్తులు దాటించి వెనక్కి పంపాలి. ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనుతో అయిపోయే పని. బర్మీస్‌లోనూ అచ్చం ఇంతే. వాళ్ళ ఎకారపు గుర్తు కంటికి హల్లు ముందు కనిపిస్తుంది. జోజీ దాన్ని ముందే దాస్తుంది, యూనికోడ్ హల్లు తరవాత దాస్తుంది.

5. శ్రీ, స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, రాష్ట్రం, కర్మ. ఈ ఆరు మాటలూ సరిగ్గా వస్తే చాలావరకు గట్టెక్కినట్టే. తరవాత, మార్చిన ముక్కల్లో యూనికోడ్ తెలుగుకి ఇచ్చిన 128 స్థానాలకి బయట ఏ గుర్తులు మిగిలాయో లెక్కపెట్టించండి. అంకెలు, విరామ చిహ్నాలు పోగా మిగిలినవే మీ పట్టికలో కంతలు.

కనిపించని అక్షరం

నాన్నగారి ఫైల్లో 'స్ట్రాండ్‌రోడ్డు' చాలాసార్లు వస్తుంది. పాత ఫాంటులో డకారప్పొల్లుకి విడిగా బొమ్మ ఉంటుంది. యూనికోడ్‌లో పొల్లు పక్కన హల్లు వస్తే అది వత్తుగా మారి 'స్ట్రాండ్రోడ్డు' అయిపోతుంది. అలా కాకుండా ఆపడానికి రెంటి మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. 'సాఫ్ట్‌వేర్'లో టకారప్పొల్లు నిలబడి ఉండటానికీ అదే కారణం. పాత పొల్లు బొమ్మ తరవాత హల్లు వస్తే ఈ గుర్తు చేర్చమని ప్రోగ్రాముకి చెప్పండి.

అయితే వెతికేటప్పుడు ఇదే అడ్డొస్తుంది. ఒకరు ఆ గుర్తుతో టైపు చేస్తారు, ఇంకొకరు లేకుండా. చూపించే ఫైల్లో గుర్తు ఉంచండి. వెతకడానికి వాడే నకల్లో తీసెయ్యండి, మీరు వెతికే మాటలోంచి కూడా. ఇంకో చిట్కా: 'ఫ్రేజరు', 'ఫ్రేజర్' రెండూ ఉండొచ్చు కనక 'ఫ్రేజ' వరకే కొట్టి వెతకండి. మన భాషలో విభక్తులన్నీ మాట చివరే అతుక్కుంటాయి, మొదలు వెతికితే అన్నీ దొరుకుతాయి.

పాత పేర్లు పాతగానే

ఫైలు చదవగలిగాక నా ఆదివారాలకి ఒక పని దొరికింది. నాన్నగారు రాసిన వీధి పేర్లు వెతకడం, వెళ్ళి నడవడం. డల్హౌసీ స్ట్రీటు ఇప్పుడు మహాబందూలా రోడ్డు. ఫ్రేజరు స్ట్రీటు అనవ్రహ్తా రోడ్డు. ఫేరే స్ట్రీటు పన్సొడాన్. స్ట్రాండ్ రోడ్డు మాత్రం స్ట్రాండ్ రోడ్డే.

ఫైల్లోనే పేర్లు మార్చేద్దామా అనిపిస్తుంది. వద్దు. మనందరి ప్రోగ్రాములూ ఆధారపడే టైమ్‌జోన్ డేటాబేసులో 2016లో 'ఆసియా/రంగూన్' పోయి 'ఆసియా/యాంగోన్' వచ్చింది. కానీ పాత పేరు చెరిపెయ్యలేదు, కొత్తదానికి దారి చూపించే మారుపేరుగా ఉంచారు. నేనూ అంతే చేశాను. నాన్నగారి మాట ముట్టుకోలేదు. పాత పేరు, కొత్త పేరు ఉన్న చిన్న పట్టిక వేరే ఫైల్లో పెట్టాను. ఆరేళ్ళ పిల్లవాడు నడిచింది ఫ్రేజరు స్ట్రీటులో. దాన్ని దిద్దడానికి మనమెవరం?

ఎక్కడ దాచాలి?

యూటీఎఫ్-8 సాదా టెక్స్టు ఫైలుగా. అందులో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడుతుంది. 46 పేజీలూ కలిపి ఫోనుతో తీసిన ఒక్క ఫోటో అంత కూడా ఉండవు. కాబట్టి చోటు చాలదనే సాకు లేదు.

ఒక కాపీ ఇంటర్నెట్టులో ఉంటే చాలనుకోకండి. 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఫేస్‌బుక్కు ఆపేశారు, రాత్రుళ్ళు ఇంటర్నెట్టు ఆపేశారు, మార్చి మధ్యకల్లా మొబైల్ డేటా కూడా ఆపేశారు. నేను అప్పటికే అక్కణ్ణుంచి వచ్చేశాను గాని, క్లౌడ్‌నే నమ్ముకున్న నా మిత్రులకి తమ కాగితాలు తమకే అందలేదు. ఒకటి క్లౌడ్‌లో, ఒకటి మీ దగ్గర డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉంచండి. నాలుగోది కాగితం మీద. దానికి ఏ ఫాంటూ అక్కర్లేదు.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు బీరువా అడుగున ఉన్న సీడీలు వెంట తెచ్చుకోండి. సీడీలు చదివే డ్రైవులు ఇప్పటికే అరుదైపోయాయి. ఆ ఫాంటు పేరు చూడగానే గుర్తుపట్టే డీటీపీ ఆపరేటర్లు కూడా ఒక్కొక్కరే విశ్రాంతి తీసుకుంటున్నారు. వారానికి రెండు సాయంత్రాల లెక్కన నాకు నాలుగు నెలలు పట్టింది. పట్టిక ఒకసారి కుదిరాక, అదే ఫాంటులో ఉన్న రెండో ఫైలుకి పట్టింది పది నిమిషాలు.