భవనం వేరు, అద్దె ఒప్పందం వేరు



కమర్షియల్ భవనాల వివరాలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని, శ్రద్ధగా చెయ్యి. ఈ వ్యాపారంలో సగం సమాచారం ఎక్సెల్ షీట్లలో, మిగతా సగం ఏజెంట్ల నోటిమీద ఉంటుంది. ఏజెంటు మానేసిన రోజున ఆ సగం అతనితోపాటే వెళ్లిపోతుంది.

షీటులో తేడా సర్వే నంబరు దగ్గరే మొదలవుతుంది. 10/2 అని కొట్టగానే ఎక్సెల్ దాన్ని తారీఖుగా మార్చేస్తుంది. మానవ జన్యువులకే ఈ బెడద తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లు ఇలాగే తేదీలైపోతుంటే, 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా ఆ పేర్లనే మార్చారు. కాబట్టి సర్వే నంబరు, ఇంటి నంబరు, ఆస్తిపన్ను నంబరు, కరెంటు సర్వీసు నంబరు అంకెల్లా కనిపించినా టెక్స్ట్‌గానే ఉంచు. వాటిని ఎవరూ కూడరు, తీసివేయరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పట్టికల విభజన. భవనం దశాబ్దాలు నిలుస్తుంది, అద్దెకున్నవాళ్లు కొన్నేళ్లకే మారిపోతారు. రెండింటినీ ఒకే వరుసలో కుక్కితే కొత్తవాళ్లు రాగానే పాతవాళ్ల చరిత్ర చెరిగిపోతుంది. ఐబీఎంలో పనిచేసిన ఈ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. ఏ విషయానికి ఆ పట్టిక పెట్టి, వాటిని నంబర్లతో కలపడమే దాని పని.

అమీర్‌పేటలో ఒక భవనం ఉందనుకో. కింద నాలుగు మడిగెలు, మొదటి అంతస్తులో బ్యాంకు, రెండు, మూడు అంతస్తుల్లో ఒకే కోచింగ్ సెంటర్, నాలుగో అంతస్తు ఖాళీ. భవనం ఒకటి, యూనిట్లు ఎనిమిది. కోచింగ్ సెంటర్‌కు ఒప్పందం ఒకటే, యూనిట్లు మాత్రం రెండు. రేపు వాళ్లు మూడో అంతస్తు వదులుకుంటే? ఒప్పందానికీ యూనిట్లకూ మధ్య ఇంకో చిన్న పట్టిక ఉండి, అందులో ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్న తేదీలుంటే ఆ మార్పు ఒక్క ముగింపు తేదీతో సరిపోతుంది. చాలామంది ‘ఖాళీ’ అని ఒక గడి పెట్టి చేత్తో మారుస్తుంటారు. అది వద్దు. ఖాళీయో కాదో తేదీలే చెప్పాలి.

మూడేళ్లకోసారి 15 శాతం పెరిగే అద్దెనూ అంతే, పాత అంకె మీద కొత్తది రాయకుండా ఏ తేదీ నుంచి ఎంత అని వరుసగా ఉంచు. లాకిన్ గడువుకూ (ఖాళీ చేయకూడని కనీస కాలం) నోటీసు గడువుకూ వేరే గడులు కావాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి కాబట్టి ఆ దస్తావేజు నంబరుకూ చోటుండాలి.

విస్తీర్ణం దగ్గర మరీ జాగ్రత్త. ఓనరు 5,000 చదరపు అడుగులంటే అది సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి స్థలాల వాటా కలిపిన కొలత కావచ్చు. అడుగుకు 60 రూపాయల లెక్కన నెలకు 3 లక్షలు. లోపల కార్పెట్ ఏరియా 3,500 మాత్రమే తేలితే, అదే అద్దె అడుగుకు దాదాపు 86 రూపాయలు పడుతుంది. ఏది ఏ కొలతో రాయకుండా రెండు భవనాలను పోల్చితే క్లయింటును తప్పుదోవ పట్టించినట్టే. స్థలాల విషయంలోనూ తెలంగాణలో గుంటలంటారు, ఆంధ్రలో సెంట్లంటారు. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. పత్రంలో ఉన్న మాట ఉన్నట్టే ఒక గడిలో రాసి, పక్కన చదరపు గజాల్లోకి మార్చి పెట్టు.

ప్రతి వివరం పక్కన ఎవరు, ఎప్పుడు సరిచూశారో ఉండాలి. ఆరు నెలల కిందటి అద్దె అంకెను ఈరోజుదని నమ్మి క్లయింటును తీసుకెళ్తే, నష్టపోయేది అతని సమయం, మీ మాట మీద నమ్మకం.

ఓనర్ల ఆధార్, పాన్ కాపీలను అందరూ తెరిచే ఫోల్డర్‌లో పెట్టొద్దు. ఎవరెవరు చూడొచ్చో మొదటి రోజే మీ మేనేజరుతో మాట్లాడి రాయించుకో. పాత షీటు నుంచి ముందు ఒక్క భవనమే ఎక్కించి, లీజు పత్రంతో గడిగడీ పోల్చి చూశాకే మిగతావాటి జోలికి వెళ్లు.

మీ మామయ్య