మెదడులోని రక్తనాళపు ఉబ్బు: ఉపేక్షింపరాని తలనొప్పి

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున పనులకై వచ్చినవారి సంతతి యిందు పెక్కుమంది. రాత్రి డ్యూటీ ముగించి వచ్చినవారికి తలనొప్పి క్రొత్త కాదు. నుదుటికి అమృతాంజనము రాచుకొని పరుండుట వాడుక. అయితే అట్లు పరుండరాని తలనొప్పి యొకటి కలదు. దానిని గుర్తించుటయే యీ పాఠమున ముఖ్యము.

వ్యాధి యెట్టిది?

సైకిలు ట్యూబున రబ్బరు ఒకచోట పలుచనైనచో, గాలి నింపగనే అచట బుడగవలె ఉబ్బును. మెదడునకు రక్తము కొనిపోవు ధమని గోడయు ఒక్కొక్కప్పుడు అట్లే బలహీనమై ఉబ్బును. దీనిని వైద్యులు ఎన్యూరిజమ్ అందురు. వయోజనులలో నూటికి దాదాపు ముగ్గురికి ఇట్టి ఉబ్బు ఉండునని అంచనా. వానిలో అధికభాగము ఎన్నడును పగులవు. పగిలినచో మాత్రము రక్తము మెదడు చుట్టును వ్యాపించును. అట్టి రోగులలో మూడవవంతు మొదలు సగము వరకు మరణింతురు.

అధిక రక్తపోటు, బీడీ సిగరెట్లు త్రాగుట ఈ యపాయమును పెంచును. తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలలో ఇద్దరికైనను ఈ వ్యాధి వచ్చియున్నచో ముందుగానే వైద్యుని సంప్రదింపవలెను.

లక్షణములు

పిడుగు పడినట్లు తలనొప్పి వచ్చి, నిమిషములోపలనే భరింపరానిదగును. వాంతులు, మెడ బిగుసుకొనుట, వెలుతురు చూడలేకపోవుట, స్పృహ తప్పుట తోడుగా కలుగవచ్చును. కొందరికి పగులుటకు ముందే ఒక కనురెప్ప వాలిపోవును, లేదా ఒకటి రెండుగా కనబడును.

ఏమి చేయవలెను?

తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. ఆస్పిరిన్ ఇయ్యరాదు, అది రక్తము గడ్డకట్టుటను అడ్డగించును. స్పృహ లేనివానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను; నోట నేమియు పోయరాదు.

వైద్యునితో ‘తలనొప్పి’ అని మాత్రమే చెప్పి యూరకుండరాదు. నొప్పి హఠాత్తుగా వచ్చెనని, ఏ గంటకు వచ్చెనో, రోగి ఏ మందులు వాడుచున్నాడో చెప్పవలెను. మన ‘హఠాత్తు’ వంగభాషయందును ‘హఠాత్’ అనియే యున్నది. భాష రానివారును ఈ యొక్క మాట చెప్పగలరు. మొదటి ఆరుగంటలలో తీసిన సీ.టీ. స్కాను రక్తస్రావమును దాదాపు తప్పక కనిపెట్టును. మరల రక్తము చిమ్ము భయము మొదటి దినముననే అధికము. శస్త్రచికిత్సకై కలకత్తాకు పంపవలసివచ్చినచో అది సుమారు 115 కిలోమీటర్ల దూరము; కావున ఇంటివద్ద జాగు చేయరాదు.

చికిత్స, కోలుకొనుట

1937లో అమెరికా వైద్యుడు వాల్టర్ డాండీ ఉబ్బు మెడకు చిన్న లోహపు క్లిప్పు బిగించి దానిని మూసెను. నేడు తొడ మొదటి రక్తనాళముగుండ సన్నని గొట్టమును పంపి, ప్లాటినపు తీగచుట్టలతో ఉబ్బును నింపు పద్ధతియు కలదు.

ఆంగ్లనటి ఎమీలియా క్లార్కునకు 2011లో ఇట్టి ఉబ్బు పగిలెను. చికిత్సానంతరము కొన్నాళ్లు ఆమె తన పేరే చెప్పలేకపోయెను. 2013లో రెండవ ఉబ్బునకు శస్త్రచికిత్స జరిగెను. పిదప ఆమె మరల నటించుచున్నది. అయినను బ్రతికినవారందరును వెంటనే పూర్వమువలె పనిచేయలేరు. అలసట, మరపు, దిగులు నెలల తరబడి యుండవచ్చును. ఇది సోమరితనము కాదు. ఇంటివారు, తోటిపనివారు ఓర్పు వహింపవలెను.

రైల్వేవారికి నిమిషము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. తలనొప్పి హఠాత్తుగా వచ్చినచో గడియారము చూడుడు. ఆ గంటను గుర్తుంచుకొని వెంటనే బయలుదేరుడు.