నడుము కొలత – రక్తపోటు



"ఫాదర్‌గారూ, కాస్త ఒళ్ళు చేశారు, బాగున్నారు" అని మన ఊళ్ళలో ప్రేమగా పలకరిస్తారు. ఒళ్ళు చేయడం కలిమికి గుర్తుగా ఉన్న రోజుల మాట అది. కాని ఆ ఒళ్ళు ఎక్కడ చేరిందన్నది చూడాలి.

తొడలకు, పిరుదులకు పట్టిన కొవ్వు అంత హాని చేయదు. పొట్ట లోపల కాలేయం, పేగులు, మూత్రపిండాల చుట్టూ చేరే కొవ్వు వేరు. అది గాదెలో పోసిన వడ్లలా ఊరక పడి ఉండదు. కొన్ని రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. వాటి వలన రక్తనాళాలు బిగుసుకుంటాయి, నరాలు గుండెను తొందరపెడతాయి. మూత్రపిండాలు బయటకు పంపవలసిన ఉప్పును, నీటిని లోపలే ఉంచుకుంటాయి. పైగా చుట్టూ పేరుకున్న కొవ్వు వాటిని నొక్కుతుంది కూడా. రక్తపోటు పెరిగేది ఇలాగే.

అంతే బరువున్న ఐరోపా వారికంటే మన భారతీయులకు పొట్టకొవ్వు ఎక్కువ. అందుచేత కాళ్ళు చేతులు సన్నగా ఉండి బొజ్జ మాత్రం వచ్చినవారు "నేను లావు కాదు గదా" అనుకోరాదు. దర్జీ టేపు తీసుకొని, చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముకకు నడుమ, ఊపిరి వదిలి కొలుచుకోండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. నాకు 96 వచ్చింది!

భద్రాచలం అడవి అంచు పల్లెల్లో వెనుకటి వారు తెల్లవారకముందే తునికాకు కోతకు నడిచేవారు, వడ్లు రోకటితో దంచుకునేవారు. ఇప్పుడు మర బియ్యం, మోటారు సైకిలు. అన్నం మాత్రం తగ్గలేదు. ఆవకాయ, ఎండుచేపల ఉప్పు దానికి తోడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే, అనగా ఒక టీ చెంచా. తపస్సుకాలంలో పగలంతా ఉపవాసముండి రాత్రి రెండుపూటల అన్నం ఒకేసారి తినేవారి నడుము కూడా తగ్గదు. సన్నవారికి బి.పి. రాదని కాదు, ఉప్పు, పొగాకు, సారా వారినీ వదలవు.

బరువు ఒక కిలో తగ్గితే బి.పి.లో పై అంకె సుమారు ఒకటి తగ్గుతుంది. ఐదు కిలోలంటే తేడా కనిపిస్తుంది.

బి.పి.కి సాధారణంగా నొప్పి ఉండదు. తలనొప్పి లేదు గదా అని మాత్రలు మానేసి, పక్షవాతంతో మంచాన పడినవారిని చూడబోయాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐదు నిమిషాలు కూర్చొని, తరువాత చూపించుకోండి. 140/90 గాని అంతకు పైన గాని ఉంటే మరొక రోజు మళ్ళీ చూస్తారు. బరువు తగ్గినా, వైద్యుడు చెప్పనిదే మాత్ర మానవద్దు.