జేబులోని సులోచనములు

తెనాలి,
ఆదివారము రాత్రి.

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయిని పెదనాన్న దీవించి వ్రాయునది.

మీ నాన్నను ఉంచిన ఐసీయూ ముందునుండి మధ్యాహ్నము నీవు ఫోనులో ఏడ్చుచు, "తలుపుకు అవతల వాళ్లేం చేస్తున్నారో తెలియదు పెదనాన్నా, ఇవతల నేనేం చేయాలో తెలియదు" అంటివి. ఆ మాట విన్నది మొదలు నాకు అన్నము సహింపలేదు. మోకాళ్లు సహకరించినచో ఈపాటికి విజయవాడ వచ్చి, నీ పక్కన ఆ ఇనుప కుర్చీలో కూర్చుండియే యుందును. అది సాధ్యము కాదు కావున, ఆరేండ్ల క్రిందట మీ పెద్దమ్మ పందొమ్మిది దినములు అట్టి ఐసీయూలోనే యున్నప్పుడు నేను ఆలస్యముగా నేర్చుకొనిన సంగతులు నీకు వేళకు అందవలెనను ఆశతో ఈ ఉత్తరము వ్రాసి, రేపు తెల్లవారి బస్సుకు వచ్చుచున్న మన వీధి కుఱ్ఱవాని చేతికిచ్చి పంపుచున్నాను.

మీ పెద్దమ్మకు పార్కిన్‌సన్ వ్యాధి యుండెనని నీవెరుగుదువు. న్యుమోనియా వచ్చి ఊపిరి అందక ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చితిమి. లోనికి తీసికొనిపోవునప్పుడు గాజులు, మంగళసూత్రము, కట్టుడు పళ్లు, సులోచనములు తీసి నా చేతికిచ్చిరి. తక్కినవి సంచిలో వేసి, పగులునేమోయని సులోచనములు మాత్రము చొక్కా జేబులో ఉంచుకొంటిని. మరునాటికి ఆమె ఎవరినీ గుర్తుపట్టుటలేదనియు, గొట్టములు పీకుకొనుచున్నది గనుక చేతులు కట్టవలసి వచ్చినదనియు చెప్పిరి. మూడవనాటికి దేహము కట్టెవలె బిగిసి జ్వరము హెచ్చినది. ఇంటివద్ద నాలుగు గంటలకొకసారి గడియారము చూచుకొని వేసికొను లెవొడోపా మాత్ర ఆ మూడు దినములును ఆమెకు పడనేలేదను సంగతి నాలుగవనాడు, ఒక సిస్టరు మందుల చీటీ ఇచ్చుటకు బయటికి వచ్చి, "అమ్మ ఇంట్లో ఏమేం మందులు వాడేవారండీ?" అని అడుగుటచేత బయటపడినది. ఆ మందు హఠాత్తుగా ఆగినచో అవయవములు బిగిసి, జ్వరము తగిలి, మతి చలించి ప్రాణము మీదికి రావచ్చును. చేర్చిన రాత్రి హడావుడిలో దాని పేరు కేసు షీటులోనికి ఎక్కలేదు. వారు అడుగలేదు, అంతటి వైద్యులకు తెలియనిదేమున్నదని నేను చెప్పలేదు. ఆ మౌనమునకు నన్ను నేను ఈనాటికిని క్షమించుకొనలేదు.

ముక్కు గొట్టము ద్వారా ఆ మందు వేయనారంభించిన పిదప దేహము క్రమముగా సడలినది. ఆ మరుసటి సాయంత్రము నన్ను లోనికి పంపినప్పుడు ఆ సిస్టరే "అమ్మకు కళ్లజోడు లేదా?" అన్నది. జేబులోనుండి తీసి ఇచ్చితిని. అవి పెట్టిన క్షణమున మీ పెద్దమ్మ నన్ను నఖశిఖపర్యంతము చూచి, నోట గొట్టముండుటచే పలుకలేక, కట్టు విప్పిన చేతి వ్రేలితో నా చొక్కా చూపినది. చూచుకొందును గదా, గుండీ ఒక కాజా తప్పించి పెట్టుకొనియున్నాను. మతి తప్పినదని అందరమును అనుకొనిన మనిషి, చూపు చేతికందగానే మొదట దిద్దినది నా గుండీని.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆమె చెప్పగా వింటిని: ఆ దినములలో తాను గూడూరు జంక్షనులో రైలు తప్పి ఒంటరిగా నిలిచియున్నట్లును, యంత్రముల కూత వినిపించినప్పుడెల్ల అది రైలు కూతయే యనియు భ్రమపడినదట. రాత్రింబవళ్లు ఒకే వెలుతురు, నిద్రలేమి, మత్తుమందు, జ్వరము, కానరాని కన్ను, వినరాని చెవి — ఇవన్నియు కలిసినప్పుడు ఎంతటి స్థిరచిత్తులకైనను అట్టి భ్రాంతి కలుగును. దానిని వైద్యులు డెలీరియమందురు. వెంటిలేటరు మీదనున్న వారిలో ఇది మిక్కిలి సాధారణము. పిచ్చి అని భయపడవద్దు. తెలిసిన గొంతు వినిపించి, నేడు ఫలానా వారము, ఇది ఫలానా ఊరు, నేను నీ కూతురినని మెల్లగా చెప్పుచుండుట మేలుచేయును.

కావున తల్లీ, నీవు చేయవలసిన మొదటి పని ఈ ఉత్తరము అందిన వెంటనే చేయుము. మీ నాన్న వాడు మందులన్నియు, ఇన్సులిను మోతాదుతో సహా, ఒక తెల్లకాగితము మీద పెద్ద అక్షరములతో వ్రాయుము. దానిలో మీ అమ్మకు గూడ తెలియని సంగతి యొకటి చేర్చుము: పదునాలుగవ ఏట వానికి సల్ఫా మాత్ర ఇచ్చినప్పుడు ఒళ్లంతయు దద్దుర్లు లేచి, పెదవులు వాచి, మా నాయనగారు రాత్రికి రాత్రి బండి కట్టించుకొని వైద్యుని వద్దకు తీసికొనిపోయినారు. ఆ బండిలో వాని తల నా ఒడిలోనున్నది. సల్ఫా వానికి పడదు. ఎడమచెవికి యంత్రము లేనిదే వినబడదని వ్రాయుము. ముప్పదియైదేండ్లు లెక్కలు చెప్పిన మనిషి యనియు, "మాష్టారూ" అని పిలిచిన వెంటనే కన్నెత్తి చూచుననియు వ్రాయుము. ఈ కాగితము డ్యూటీ డాక్టరుకు ఇచ్చి, సల్ఫా సంగతి కేసు షీటు మీద ఎక్కినదా యని మర్యాదగా అడుగుము. ఎక్కినదని వారు చెప్పువరకు కదలవద్దు. డ్యూటీ మారునప్పుడెల్ల మనుష్యులు మారుదురు. నిన్న చెప్పితిని గదా యని ఊరకుండరాదు. మాటలేని మనిషి తరఫున వకాల్తా పుచ్చుకొనుట యనగా ఇదియే. వ్యాధిని వారెరుగుదురు, ఆ మంచము మీది మనిషిని మనమెరుగుదుము, ఆ రెండవ ఎరుక వారికి మననుండి తప్ప మరియెక్కడను దొరకదు.

ఆ ఐసీయూ అను గది పుట్టుకను గూర్చి చదివినది చెప్పెదను, వినుము. 1952లో కోపెన్‌హాగన్ నగరమున పోలియో చెలరేగి, ఊపిరి కండరములు చచ్చుబడినవారు వందలకొలది ఆసుపత్రి చేరగా, చాలినన్ని యంత్రములు లేకపోయెను. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అను మత్తుమందు వైద్యుడు ఒక పన్నెండేండ్ల బాలికకు కంఠమున రంధ్రము చేయించి, గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కి ఊపిరి పంపి బ్రతికించెను. ఆ వెనుక సుమారు పదునైదు వందల మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని, రోగుల మంచముల పక్కన కూర్చుండి, రేయింబవళ్లు ఆ సంచులు నొక్కిరి. దానినుండియే మరుసటి ఏట అట్టివారికై ప్రత్యేకమైన వార్డు వెలసినది. మంచము పక్కన ఒక మనిషి కూర్చుండుటతో మొదలైన చోటు అది. అటెండరు పాసు లేదని నిన్ను నిలిపివేసినప్పుడు కోపము తెచ్చుకొనక, రోజునకు రెండుమారులు, కాసేపైనను, చేతులు శుభ్రముగా కడిగికొని లోనికి పోవుటకు పెద్ద డాక్టరుగారిని స్వయముగా అనుమతి అడుగుము. రోగికి మతి నిలుపుటకై అడుగుచున్నానని చెప్పుము. ఆ కారణము వారికి బాగుగా తెలియును.

రౌండ్సు అయిన పిమ్మట ఆయన మీతో మాట్లాడు వ్యవధి ఐదారు నిమిషములు మాత్రమే. ఆ వేళకు బావమరదులు, పినతండ్రులు, మేనత్తలు చుట్టుముట్టి తలకొక ప్రశ్న వేసినచో ఒక్కదానికిని సమాధానము నిలువదు. మీ అమ్మ సమ్మతితో నీవొక్కతెవే మాట్లాడుము. డాలసునుండి మీ అన్నయ్య అర్ధరాత్రి ఏవేవో చదివి ఫోను చేయుచున్నాడని విసుగుకొంటివి. దూరముననుండి చేతగాక పడు బాధ అది. వాని సందేహములు ఒక నోటు పుస్తకములో వ్రాసికొని, ఒకనాడు వైద్యుని ఎదుటనే వీడియోలో వానిచే మాట్లాడింపుము. ఆ పుస్తకములోనే తేదీ, వేళ, ఎవరేమి చెప్పిరో ఏ రోజుకారోజు వ్రాయుము. "స్టేబుల్‌గా ఉన్నారు" అన్న మాటతో తృప్తిపడక, నిన్నటికంటె నేడు ఏది మెరుగు, ఏది తరుగు, నేడు మీరు సాధింపదలచినదేమి యని అడుగుము. ఆక్సిజను ఎంత శాతము ఇచ్చుచున్నారో కనుగొనుము: మనము పీల్చు గాలిలో ఉన్నది 21 శాతము, నిన్న అరువది యుండి నేడు ఏబది యైనదని నీవు చెప్పితివే, అది మేలు వార్త. బి.పి. నిలుపు మందు తగ్గుచున్నదా, మత్తు తగ్గించి తనంతట ఊపిరి పీల్చుట నేడు పరీక్షింతురా, ఏ గొట్టమునకు ఇక పనిలేదు — ఈ ప్రశ్నలు ప్రతిదినము అడుగదగినవి. తలవైపు మంచము ఎత్తియున్నదా, రెండేసి గంటలకు పక్కకు తిప్పుచున్నారా, మడమలు, నడుము కందెనా యని సిస్టరును అడుగుము. అడుగుటకు ముందు ఆమె పేరు తెలిసికొని, భోజనమైనదా యని పలుకరింపుము. పన్నెండు గంటలు నిలుచుండి పనిచేయు పిల్లలు వారు. మీ పెద్దమ్మను నాకు దక్కించినది అట్టి పిల్లయే.

సంతకముల విషయము. ప్రాణాపాయ సమయమున తాత్సారము చేయకుము. తక్కినవేళల, ఎందుకు, దానివలన ముప్పేమి, చేయకున్న ఏమగును అని అడిగిన పిదపనే కలము పట్టుము. పది పదునాలుగు దినములు గడచినచో మెడలో రంధ్రము చేయుదుమని అనవచ్చును. ఆ మాటకు గుండె చెదరనక్కరలేదు, దానివలన తరచు మత్తు తగ్గించుటకు వీలగును, అవసరము తీరిన పిమ్మట అది మూసికొనును. మరియొక వైద్యుని అభిప్రాయము కోరుట అపచారము కాదు. జాతీయ మానవహక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రములో అదియు నొకటి. రికార్డులు వ్రాతపూర్వకముగా అడిగిన 72 గంటలలోపల ఇయ్యవలెనని భారత వైద్యమండలి 2002 నాటి నిబంధన. డబ్బు సంగతి దాచకుము. మీ నాన్న పింఛనుదారుడు గనుక ఉద్యోగుల ఆరోగ్యపథకపు కార్డు పట్టుకొనిపోయి అక్కడి ఆరోగ్యమిత్రను కలిసికొనుము.

ఇక నేను ఇంతవరకు ఎవరికిని చెప్పని మాట. మీ పెద్దమ్మ లోపలనున్న పదునొకండవ రాత్రి మీ నాన్న నాతో ఆ వరండాలో మేలుకొనియుండి, చాలసేపు మౌనముగా నుండి, "అన్నయ్యా, రేపు నాకే ఇలా అయితే, మళ్లీ పిల్లల్ని గుర్తుపట్టి మాట్లాడగలనన్న ఆశ ఉన్నంతవరకు ఏం చేసినా సరే, సూదులన్నీ పొడవనీ. అది లేదని డాక్టర్లు తేల్చేస్తే మాత్రం నన్ను మిషన్ల మీద ఉంచొద్దు. ఇంటికి తీసుకురండి" అనెను. నేను కసరి నోరు మూయించితిని. అప్పుడే కాగితము మీద పెట్టించవలసినది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, గౌరవముతో మరణించుటయు జీవించు హక్కులోని భాగమేయని తీర్పు చెప్పి, అట్టి కోరికను ముందే వ్రాసియుంచుటకు అనుమతించినది. 2023 జనవరిలో పద్ధతి సులువుచేసి, ఇద్దరు సాక్షులతో నోటరీయో గెజిటెడ్ అధికారియో ధ్రువపరచిన చాలునన్నది. వ్రాత లేనిచోటను, ముగ్గురు వైద్యుల మండలి, దానిపై మరియొక మండలి పరీక్షించి, కుటుంబము సమ్మతించిన పిదపనే మేజిస్ట్రేటుకు తెలిపి యంత్రము తొలగింతురు. అనగా ఆ భారము నీ ఒక్కదాని తలమీద ఎన్నడును పడదు. నేడు ఆ ప్రసక్తియే లేదు. ఆక్సిజను తగ్గుచున్నది, మూత్రము బాగుగా వచ్చుచున్నది, వాడు పోరాడుచున్నాడు. కాని వాని మాట నా యొక్కని వద్ద ఉండిపోరాదని వ్రాసితిని. సమయము చూచి మీ అమ్మకు, అన్నయ్యకు చదివి వినిపింపుము.

మధ్యాహ్నము రెండు గంటలు ఎక్కడనైనను పడుకొనుము. మీ అమ్మకు మజ్జిగ అన్నమైనను పెట్టుము.

చెవియంత్రము మీ అమ్మ సంచిలోనే ఉన్నదని, బ్యాటరీ అయిపోయినదని అంటివి. నాదియు అదే రకము. 312 సైజు బ్యాటరీలు ఆరు ఈ కవరులో పెట్టితిని. వెనుకనున్న గోధుమరంగు కాగితము ఒలిచి, గాలి తగులుటకు ఒక నిమిషమాగి, అప్పుడు లోపల పెట్టవలెను. రేపు సిస్టరును అడిగి ఎడమచెవికి పెట్టి, మొదట నీవు మాట్లాడుము. తరువాత "మీ అన్నయ్య సల్ఫా సంగతి మరువలేదు" అని మీ నాన్నతో నా మాటగా చెప్పుము.

నీ
పెదనాన్న