స్టాఫ్ బ్యాక్టీరియా: జన్యువుల్లో దాగిన మొండితనం

(పోటీ పరీక్షల ప్రత్యేకం – జనరల్ సైన్స్)

చర్మంపైన, ముక్కులోన ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్ (స్టాఫ్) సెగ్గడ్డల నుంచి న్యుమోనియా, సెప్సిస్ దాకా పలు జబ్బులను కలిగిస్తుంది. దీనిపై పనిచేసే ఆరియోమైసిన్ (క్లోర్‌టెట్రాసైక్లిన్) 1948లో వెలుగుచూసింది. లెడర్లీ సంస్థలో ఆ పరిశోధనలకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందును కనుగొన్నది బెంజమిన్ డగ్గర్.

గుర్తుంచుకోండి

- టెట్రాసైక్లిన్లు బ్యాక్టీరియా 30ఎస్ రైబోజోమ్ ఉపభాగాన్ని అడ్డుకుంటాయి. నిరోధకతనిచ్చే టెట్‌కె జన్యువు తయారుచేసే ప్రోటీన్ మందును కణం బయటకు తోసేస్తుంది. టెట్‌ఎం జన్యువు ప్రోటీన్ రైబోజోమ్‌ను కాపాడుతుంది.
- మెథిసిలిన్‌కు లొంగని రకం ఎంఆర్‌ఎస్‌ఏ. 1961లో బ్రిటన్‌లో తొలిసారి నమోదైంది.
- ఎంఆర్‌ఎస్‌ఏలో కీలక జన్యువు మెక్‌ఏ. ఇది పీబీపీ2ఏ ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. బీటా లాక్టమ్ మందులు దానికి సరిగా అతుక్కోలేవు.
- వ్యాధి తీవ్రతకు కారణం: తెల్ల రక్తకణాలను చంపే పీవీఎల్ విషం, టాక్సిక్ షాక్ విషం, కోయాగ్యులేజ్.
- ఈ బ్యాక్టీరియా తొలి పూర్తి జన్యుక్రమాలు: ఎన్315, ఎంయూ50 రకాలవి (జపాన్, 2001). పరిమాణం సుమారు 28 లక్షల బేస్ జతలు.
- భారత ఉపఖండంలో పుట్టిన ఎస్‌టీ772 ఎంఆర్‌ఎస్‌ఏ రకం పేరు ‘బెంగాల్ బే క్లోన్’. పీవీఎల్, బహుళ ఔషధ నిరోధకత రెండూ సాధారణంగా ఇందులో కనిపిస్తాయి.
- ప్రపంచ ఏఎంఆర్ (యాంటీమైక్రోబియల్ రెసిస్టెన్స్) అవగాహన వారం: నవంబరు 18–24.

మాదిరి ప్రశ్న

ఎంఆర్‌ఎస్‌ఏ నిరోధకతకు ప్రధాన జన్యువు?
1) టెట్‌కె 2) మెక్‌ఏ 3) వ్యాన్‌ఏ 4) టెట్‌ఎం
జవాబు: 2